పరజల వేటకు పసివాడు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం నకారా గారి కేసును తలుచుకుంటాం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు వల్లనే పెన్షను అనేది ఎవరో దయతలచి పెట్టే ముద్ద కాదు, చేసిన చాకిరీకి హక్కు అని మనం తలెత్తుకుని చెప్పుకోగలుగుతున్నాం. ఆ సంగతి నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. కార్యదర్శిగారు నాతో మాత్రం, “అన్నా, ఈసారి నువ్వు డి.ఏ. బకాయిల జోలికి పోవద్దు. పిల్లలు కూడా వినేది ఏదన్నా చెప్పు” అన్నారు. కాబట్టి పిల్లల సంగతే చెబుతాను. ఆరేడేండ్ల పిల్లవాణ్ణి తెల్లవారుజామున బాతుల వేటకు వెంట తీసుకుపోవచ్చునా, కూడదా? ఇదీ ఈ రోజు నా విషయం.

నవ్వకండి. మన జిల్లాలో తుపాకీ మాట ఎత్తితే చాలు, బయటి ఊళ్ళవాళ్ళకు ఇంకేవేవో గుర్తుకొస్తాయి. నేను మాట్లాడేది నీళ్ళమీది పరజల గురించి మాత్రమే. ఈ ప్రశ్న నేను కల్పించిందీ కాదు. మా రెండోవాడు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్ పక్కన కేటీ అనే ఊళ్ళో ఉంటున్నాడు. పోయిన సంవత్సరం అక్టోబరులో ఫోను చేశాడు. “నాయనా, పక్కింటాయన వాళ్ళ పిల్లోన్ని బాతుల వేటకు తీసుకుపోతున్నాడు. మనోన్ని గూడా పంపమంటున్నాడు. మీ కోడలు ససేమిరా అంటోంది. వాడేమో పోతానని ఒకటే ఏడుపు. నువ్వు చిన్నప్పుడు పోయినానని వానికి కథలు చెప్పినావు గదా, ఇప్పుడు నువ్వే చెప్పు, ఏం జేయాల?” అన్నాడు. నేను రెండు రోజులు గడువు అడిగాను. ‘పరిశీలనలో ఉన్నది’ అని ఫైలు మీద రాయడం మనకు కొత్త కాదు గదా.

ఆ రెండు రోజుల్లో నేను ఆలోచించుకున్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

నాకు ఆరేండ్లప్పుడు, అంటే 1957లో, సంక్రాంతికి కొన్ని రోజుల ముందర, మా చిన్నాయన నన్ను వేటకు తీసుకుపోయాడు. మా దువ్వూరు సంగతి మీలో చాలామందికి తెలుసు. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూ ఏరు, మధ్యలో కె.సి. కాలువ. కర్నూలు దగ్గర సుంకేసుల ఆనకట్టనుంచి కడప దాకా వచ్చే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే తెల్లవాళ్ళ కంపెనీ తవ్వించింది. పడవలు నడుపుకుని లాభాలు తీద్దామనుకున్నారు. ఆ లాభాలు కనపడలేదు. చివరకు 1882లో ప్రభుత్వం కొనేసింది. కంపెనీకి నష్టమైతే అయింది, మాకు మాత్రం రేగడి నేలలో వరి పండింది. నేను నీటిపారుదల శాఖలో చేరి, ఆ కాలువ గట్ల మీద సైకిలు తొక్కి, 2009లో రిటైరయ్యాను. కాబట్టి కాలువ మీద నాకు కాస్త పక్షపాతం ఉంటుంది, మన్నించాలి.

కాలువ వచ్చింది గనక వరి వచ్చింది, వరి వచ్చింది గనక పరజలు వచ్చాయి. మా వైపు అడవి బాతును పరజ అంటాం. దీపావళి దాటి చలి మొదలయ్యేసరికి గుంపులు గుంపులుగా దిగేవి. పగలంతా కుంటలో నీటి నడుమ తేలుతూ కునుకు తీస్తాయి. పొద్దు గుంకినాక లేచి కోసిన మళ్ళమీద పడి, రాలిన గింజలు, గడ్డి విత్తులు తిని, తెల్లవారకముందే మళ్ళీ కుంటకు చేరతాయి. అందుకే వేటగాడు తెల్లవారుజామున పోవాలి. పొద్దెక్కినాక పోతే బాతులు కుంట నడుమ హాయిగా కూర్చుని మనల్ని చూస్తుంటాయి, మనం గట్టుమీద నిలబడి వాటిని చూస్తుంటాం.

అన్నీ ఒకటే రకం కాదు. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగేవి కొన్ని. ముక్కు కొసన పసుపు చుక్క ఉండే పెద్ద బాతు, ఎగిరేటప్పుడు సన్నగా ఈల వేసే ఎర్ర బాతు, ఇవి మన ఊరి కాపులు. చలికాలానికి చుట్టపు చూపుగా వచ్చేవి ఇంకొన్ని. సూదిలాంటి తోక ఉండేది ఒకటి. దోసిట్లో పట్టేంత చిన్నది, రెక్కలో పచ్చటి పట్టీ ఉండేది ఇంకొకటి. దీన్ని దొరలు టీల్ అనేవాళ్ళు. కావ్యాల్లో జక్కవ జంట అని చదువుకున్నాం చూడండి, అది కూడా బాతే. బంగారు రంగులో, మనిషిని చూడగానే దూరం నుంచే అరిచి అందరినీ లేపేస్తుంది. మా చిన్నాయనకు జక్కవ అంటే కోపం. “ఆ చాడీకోరు ఉంటే ఒక్క పిట్ట గూడా దొరకదు” అనేవాడు.

ఆ రోజు కోడి కూయకముందే జేజి నన్ను లేపింది. లేపింది గానీ పంపడం ఆమెకు ఇష్టం లేదు. “చంటోన్ని ఆ చలిలోకి యాడికిరా” అని చిన్నాయన మీద గొణుగుతూనే నా తలకు తువ్వాలు చుట్టి, కంబళి కప్పి, జొన్నరొట్టెలో చెనిక్కాయల ఊరిబిండి పెట్టి మూట కట్టింది. చిన్నాయన రెండు గొట్టాల తుపాకీ భుజాన వేసుకున్నాడు. కలెక్టరు ఆఫీసు లైసెన్సు ఉన్న తుపాకీ అది. పొలాల్లో అడవి పందులు పడతాయని మా జేజినాయన కాలంలో తెచ్చుకున్నది. లాంతరు ఊరి చివర కల్లం దగ్గరే ఆర్పేసి పెట్టాడు. అక్కడ నాకు మూడు మాటలు చెప్పాడు. దోమ కుడితే కొట్టగూడదు. దగ్గు వస్తే కంబళిలో దగ్గాల. తుపాకీ ముందరికి చచ్చినా పోగూడదు. “సరేనా?” అంటే, సరేనన్నాను. ఇంతవరకు నన్ను ఎవరూ ‘సరేనా’ అని అడిగి ఎరగరు. పెద్దవాళ్ళు చెప్పడం, పిల్లలు చేయడం, అంతే.

అంటే అక్కడే ఒక విషయముంది. ఆ కాలంలో ఆరేండ్ల పిల్లవాడికి ఇంట్లో ఉన్న పని ఏమిటి? అడ్డం రాకపోవడమే పని. వేటలో మాత్రం నేను కదలకుండా ఉండటం మీద ఆ పొద్దుటి పని అంతా ఆధారపడి ఉంది. నేను దగ్గితే చిన్నాయన వట్టి చేతులతో రావాలి. నా మీద ఒక బాధ్యత పడటం అదే మొదలు. ముప్ఫై ఏండ్ల సర్వీసులో కాలువ తూముల తాళంచెవులు మోసినప్పుడు కూడా అంత బరువు అనిపించలేదు.

కుంట గట్టు కింద జమ్ములో కూర్చున్నాం. రేగడి బురద కాళ్ళకు రొట్టెలాగా అంటుకుని జిల్లుమంటోంది. చీకటి. నల్లమల వైపు ఆకాశం బూడిద రంగుకు కూడా తిరగలేదు. ఏమీ కనపడదు కాబట్టి అన్నీ వినపడుతుంటాయి. కప్పలు, దూరాన ఎవరో కపిల తోలుతున్న పాట, ఏటి అవతల కుక్క. ఎంతసేపున్నామో తెలీదు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు తలమీద ఎవరో కొత్త గుడ్డను కొసాకు పట్టి బర్రున చించినట్టు చప్పుడైంది. అది రెక్కల చప్పుడు. కిందికి దిగే పరజల గుంపు గాలిని కోసే చప్పుడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఒకటి. నీళ్ళలో చిటపటమని పడటం. చిన్నాయన చేయి నా భుజం మీద పడింది, ఉండు అన్నట్టు.

కాల్చడం గురించి నేనేమీ పెద్దగా చెప్పలేను. వెలుతురు కాస్త పడినాక రెండు చప్పుళ్ళయ్యాయి, నా చెవులు గుంయిమన్నాయి, కుంట కుంటంతా పైకి లేచింది. మూడు పడ్డాయి. రెండు నీటిమీద తేలుతున్నాయి. మూడోది రెక్క ఈడ్చుకుంటూ జమ్ములోకి దూరింది.

చిన్నాయన తుపాకీ విరిచి, తూటాల గొట్టాలు బయటికి తీసి, ఖాళీ అని నాకు చూపించి, గట్టుమీద పెట్టాడు. పంచె విప్పి నాకిచ్చి నడుముల లోతు చలి నీళ్ళలోకి దిగాడు. తేలుతున్న రెండింటినీ ఐదు నిమిషాల్లో తెచ్చాడు. మూడోదాని కోసం మాత్రం, ఎండ గట్టుమీదికి వచ్చేదాకా, ఆ జమ్ములో వెతికాడు. వణుకుతున్నాడు, పెదాలు నల్లబడ్డాయి. నాకు భయమేసి, “చిన్నాయనా, రెండున్నాయి గదా, పోదాం రా” అన్నాను. “కొట్టినదాన్ని ఇడిసిపెట్టి పోగూడదురా. అది రేత్రికి దాకా సావదు” అన్నాడు. చివరకు దొరికింది. గట్టుకు తెచ్చి, నాకు వీపు తిప్పి, పని ముగించాడు. తిప్పినా నేను చూశాను.

ఆ మూడింటిలో చిన్నదాన్ని నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. మెత్తగా ఉంది. రెక్క విప్పి చూస్తే లోపల పచ్చటి పట్టీ, ఎండపడితే మెరుస్తోంది, మా అమ్మ దుద్దుల్లో రాయి మెరిసినట్టు. “ఇది యాడి నించి వస్తాది చిన్నాయనా?” అంటే, “ఉత్తరాన్నించి. శానా దూరం” అన్నాడు. “ఉత్తరాన యాడ? కర్నూలా?” అన్నాను. నాకు తెలిసిన ఉత్తరం అంతే మరి. “ఇంకా అవతల” అన్నాడు. “దీని పిల్లలు?” అంటే మాత్రం ఏమీ అనలేదు. ఇల్లు చేరేదాకా ఆయన ఏమీ అనలేదు.

ఇంట్లో జేజి ఆ మాంసాన్ని పొయ్యింటి దాకా రానివ్వలేదు. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి చిన్నాయనే వండుకున్నాడు. నేను తిన్నాను. ఏడుస్తూ తిన్నానని చెబితే కథ బాగుంటుంది గానీ, ఆకలి మీద లొట్టలు వేసుకుంటూ తిన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి గదా.

మా చిన్నాయన ఆ తర్వాత వేట మానేశాడా అంటే మానలేదు. ఇంటికి చాలినన్ని కొట్టేవాడు, అమ్మడానికి ఎన్నడూ కొట్టలేదు. తుపాకీ మాత్రం ప్రతి ఎన్నికకూ పోలీసు స్టేషనులో జమచేసి, మళ్ళీ తెచ్చుకుని, మళ్ళీ జమచేసి, విసిగి, ఒక ఎన్నిక తర్వాత తెచ్చుకోవడానికే పోలేదు. ఈలోగా చట్టం కూడా వచ్చింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేశారు. ఆ చట్టం కింద కూడా లైసెన్సు మీద కొన్నింటిని వేటాడే వీలుండేది. 1991లో సవరణ చేసి ఆ లైసెన్సులు తీసేశారు. ఇప్పుడు మన దేశంలో అడవి బాతును కొట్టడం జైలుకు పోయే నేరం. తుపాకీ అక్కర్లేదు, వల వేసినా నేరమే, గింజల్లో మందు కలిపి చల్లినా నేరమే. ముందు వరసలోని అబ్బాయిలూ, ఉండేలు పట్టుకున్నా అంతే.

ఆ చట్టం ఊరకే రాలేదు. ఇంటికి మూడు పరజలు తెచ్చుకునేవాడి కోసం వచ్చిందీ కాదు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ అనే చోట సంస్థానం రాజుగారి చిత్తడి నేలలున్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో పరివారం వచ్చి, ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కొట్టింది. ఆ లెక్క రాతిమీద చెక్కించి పెట్టారు. మన చిన్నాయనలాగా ఆ నాలుగు వేల పైచిలుకు పక్షుల్లో గాయపడి జమ్ములో దూరినవాటిని వెతకడానికి నీళ్ళలో దిగినవాడెవడైనా ఉన్నాడో లేదో రాతిమీద రాయలేదు. ఇప్పుడా చోటు జాతీయ పార్కు. పక్షుల్ని చూడటానికి మనుషులు డబ్బిచ్చి పోతున్నారు.

ఇక నా ఆరేండ్ల ప్రశ్నకు జవాబు నాకు పెద్దయినాక దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు వలస పక్షుల్ని పట్టి, కాళ్ళకు నంబరు వేసిన సన్నటి కడియాలు తొడిగి వదిలేవాళ్ళు. అలా మన దేశంలో తొడిగిన కడియాలు సైబీరియాలో దొరికాయి. కర్నూలుకు అవతల అంటే అంత అవతల అన్నమాట. దాని పిల్లల సంగతీ తెలిసింది. అవి వేసవిలో అక్కడే పుట్టి, రెక్కలు వచ్చినాక ఇక్కడికి వస్తాయి. చలికాలంలో మన కుంటలో ఉండే పక్షి గూట్లో పిల్లల్ని వదిలిపెట్టి వచ్చింది కాదు. ఈ ఒక్క మాట ఆ రోజు మా చిన్నాయనకు తెలిసుంటే, ఇంటిదాకా మౌనంగా నడిచేవాడు కాదేమో.

ఆ సొసైటీ అన్నాను గనక సలీం అలీ గారి సంగతి చెప్పాలి. మన దేశంలో పక్షుల గురించి ఆయనంత పని చేసినవారు లేరు. ఆయన పదేండ్లవాడుగా ఉన్నప్పుడు గాలితుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ. ఇదేం పిచ్చుక అని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగాడు. ఆయన స్వయంగా వేటగాడు. నాకు తెలీదు పో అనలేదు, కొట్టినందుకు చెవి మెలిపెట్టలేదు. ఆ పిట్టను ఇచ్చి బొంబాయి సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ అనే దొర ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, బీరువాలు తెరిచి, సొసైటీ సేకరించిన పక్షులన్నీ చూపించాడు. ఆ పిల్లవాడే 1941లో భారతదేశపు పక్షుల మీద పుస్తకం రాశాడు. 1985లో తన జీవితకథ రాసుకున్నప్పుడు దానికి ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు. నా లెక్కలో ఆ కథలో గొప్పవాడు మేనమామ. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందో అక్కడికి పంపాడు.

మన జిల్లా కథ ఇంకొకటి ఉంది. కలివికోడి. జెర్డాన్ అనే దొర 1848 ప్రాంతంలో పైకి తెచ్చిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన లంకమల అడవి ప్రాంతంలో, రెడ్డిపల్లె దగ్గర, మళ్ళీ దొరికింది. దొరకబట్టింది ఎవరు? ఐతన్న అనే పిట్టలు పట్టే ఆయన. బొంబాయి సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ గారు నెలల తరబడి బొమ్మలు చూపించి ఊరూరా అడుగుతూ తిరిగితే, రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టి చూపింది ఐతన్న. పట్టాలు పొందినవాళ్ళకు ఎనభై ఏండ్లకు పైగా కనపడనిది ఆయన కంటికి ఆనింది. ఆ కన్ను బడిలో వచ్చింది కాదు. చిన్నప్పటి నుంచి చీకట్లో పెద్దవాళ్ళ వెంట నడిస్తే వచ్చింది. దాని తర్వాతే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

వేటను పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు. చట్టం వచ్చింది, మంచి పని జరిగింది. అయితే వేటతోపాటు ఆ తెల్లవారుజాములు కూడా పోయాయి. తుపాకీ ఒక్కటీ పోయి తక్కినవన్నీ ఉండాల్సింది. చలి, చీకటి, నోరు మూసుకుని కూర్చోవడం, పెద్దవాడు పక్కన ఉండటం, ఏదో రావడం కోసం కనిపెట్టుకుని ఉండటం.

అమెరికా సంగతికి వస్తాను. అక్కడ బాతుల వేట చట్టబద్ధమే. మొదట నాకు ఒళ్ళు మండింది, అన్ని దేశాలకూ నీతులు చెప్పేవాళ్ళు ఇదేమిటని. తెలుసుకున్నకొద్దీ తల తిరిగింది. వేటగాడు ఏటా ప్రభుత్వం అమ్మే బాతు బొమ్మ స్టాంపు కొనాలి. 1934లో ఒక డాలరుతో మొదలుపెట్టారు. ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని పక్షులకు వదిలేస్తున్నారు. 1991 నుంచి బాతుల మీద సీసపు గుండ్లు వాడటం దేశమంతటా నిషేధం. బాతులు ఇసుక రేణువులనుకుని నీటి అడుగున పడ్డ సీసపు గుండ్లు మింగి విషమెక్కి చచ్చిపోయేవి కాబట్టి. చూడండి, ఇక్కడ లైసెన్సులు తీసేసిన సంవత్సరం, అక్కడ సీసం తీసేసిన సంవత్సరం ఒకటే. పిల్లలకోసం 1996 నుంచి ప్రత్యేకంగా రోజులు కేటాయించారు. ఆ రోజుల్లో పెద్దవాడు వెంట ఉండి తీరాలి, బాతుల్ని తాను మాత్రం కాల్చకూడదు. ఈ నిబంధన నాకు నచ్చింది. పెద్దవాడి చేతులు ఖాళీగా ఉంటేనే పిల్లవాడి మీద కన్ను ఉంటుంది.

ఇంకొకటి కూడా తెలిసింది. కేటీ చుట్టుపక్కల నేలలు ఒకప్పుడు వరి పండిన నేలలట. దువ్వూరైనా కేటీ అయినా పరజకు వరిమడే కావాలి.

మూడో రోజు మావాడికి ఫోను చేసి చెప్పాను. “పంపించు. కాని నువ్వు గూడా పో. పక్కింటోళ్ళు ఎంత మంచోళ్ళయినా సరే, వాని పక్కన నువ్వు కూచో. మనోని చేతికి తుపాకీ ఇయ్యద్దు, ఇంకా చిన్నోడు. పిట్ట పడితే అది దొరికేదాకా ఆడనే ఉండండి, బ్రేక్‌ఫాస్టు టైమైందని లేచి రావద్దు. దొరికినాక వాని చేతిలో పెట్టండి. వాడు ఏమడిగినా జవాబు చెప్పు. తెలీకపోతే తెలీదని చెప్పి పుస్తకం తియ్యి.”

మా ఇంటామె పక్కనే ఉండి వింటోంది. ఫోను పెట్టేసినాక, “పిల్లోనికి సూపియ్యాల్సింది సావేనా, ఇంగేమీ దొరకలేదా మీకు?” అంది. ఈ సభలో కూడా ఆమె పక్షాన ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు చెప్పేది కొట్టిపారేసేది కాదు. ఆరేండ్లవాడికి చావు చూపకుండా దాచవచ్చు, దాచినంత మాత్రాన వాడి పళ్ళెంలోకి వచ్చే కోడికూర చెట్టుకు కాయదు అని నేనన్నాను. “అది వేరే, ఇది వేరే” అంది ఆమె. ఆ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. తీర్పు రిజర్వులో ఉంది.

జరిగింది వినండి. వాళ్ళు ముగ్గురూ నలుగురూ కలిసి నాలుగున్నరకే పోయి కూర్చున్నారు. పొగమంచు పట్టేసింది. బాతులు వచ్చాయి గానీ పైపైనే పోయాయి. పక్కింటి పిల్లవాడు రెండుసార్లు కాల్చాడు, ఏమీ పడలేదు. మావాడు వాళ్ళ నాయన ఒళ్ళో కాసేపు నిద్ర కూడా పోయాడు. వాళ్ళ అమ్మ హమ్మయ్య అనుకుంది. ఆ రోజు వాడే ఫోనులో, సగం ఇంగ్లీషూ సగం తెలుగూ కలిపి, “తాతా, బాతు దొరకలేదు. కానీ గుడ్డ చింపే సౌండ్ విన్నా!” అన్నాడు. నేను చెప్పిన కథలో మాట అది. వాడు చీకట్లో కూర్చుని దానికోసమే చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాడన్నమాట. తర్వాత అడిగాడు, “మీ ఊళ్ళో ఇంకా వస్తాయా తాతా?”

నేను చెప్పలేకపోయాను. కుంటవైపు తెల్లవారుజామున పోయి ఎన్నేండ్లయిందో. వాకింగు అంటే మనకు హైవే పక్కన సిమెంటు రోడ్డు, అయిపోగానే టీ కొట్టు.

ఈ సంవత్సరం జనవరిలో పోయాను. మోకాళ్ళ నొప్పుల వల్ల జమ్ములో కూర్చోలేక, మడత కుర్చీ తీసుకుని, గట్టుమీది తుమ్మచెట్టు నీడలో కంబళి కప్పుకుని కూర్చున్నాను. కుంట మునుపంత లేదు. ఒక పక్క పూడింది, ఇంకో పక్క లొట్టపీచు చెట్లు అల్లుకున్నాయి, ప్లాస్టిక్కు సంచులు తేలుతున్నాయి. తెల్లవారుతుండగా వచ్చాయి. ముందు చప్పుడే వచ్చింది. వెలుతురు పడినాక లెక్కపెట్టాను. ఈల వేసే ఎర్రబాతులు నలభైకి పైన. చుక్కముక్కు బాతులు ఆరు. నుదుట తెల్లబిళ్ళ ఉండే నల్లటి బొల్లికోళ్ళు లెక్కకు అందలేదు. పచ్చపట్టీ పరజలు పదకొండు. ఆ పదకొండునూ మూడుసార్లు లెక్కపెట్టాను.

మావాడికి ఆ అంకె చెప్పాను. వాడు దాన్ని గోడమీద రాసి పెట్టుకున్నాడట. ఈ నెలాఖరుకు వస్తున్నాడు.

అందుకని ఒక పని పెట్టుకున్నాను, మీలో ఇష్టమున్నవాళ్ళను రమ్మంటున్నాను. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. 1987లో మొదలైంది. మన దేశంలోనూ ఊరూరా స్వచ్ఛందంగా జనం పోయి తమ చెరువులో ఏ రకం ఎన్ని ఉన్నాయో రాసి పంపుతారు. దానికి డిగ్రీ అక్కర్లేదు. ఓపిక కావాలి, లెక్క తప్పకుండా రాసే అలవాటు కావాలి. నలభై ఏండ్లు రిజిస్టర్లు రాసిన మనకంటే తగినవాళ్ళెవరు? గుంపు పెద్దదైతే ఒక్కొక్కటీ లెక్కించలేం. ముందు పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలుచుకుని, అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూసుకోవాలి. క్యాషు కట్టలు లెక్కబెట్టిన ట్రెజరీవాళ్ళకు ఇది చిటికెలో పని.

జనవరి రెండో ఆదివారం, తెల్లవారుజామున 5 గంటలకు దువ్వూరు బస్టాండులో కలుద్దాం. సంక్రాంతికి వచ్చిన మనవళ్ళనూ మనవరాళ్ళనూ తీసుకురండి, ఆరేండ్లు దాటినవాళ్ళయితే చాలు. ఎర్రవి, తెల్లవి, మెరిసే బట్టలు వద్దు. మంకీ క్యాపులు సరే. టార్చీలు గట్టు దాకానే. సెల్‌ఫోన్లు మూగబెట్టాలి, ఇది పిల్లలకంటే పెద్దలకే చెబుతున్నాను. ఎవరింట్లోనైనా పాత బైనాక్యులర్సు ఉంటే తుడిచి తెండి. రొట్టెలు, ఊరిబిండి మా ఇంటామె చేస్తానంది. ఆమె కూడా వస్తోంది. షుగరున్నవాళ్ళు మాత్రలు మరవొద్దు. కుర్చీలు కావలసినవాళ్ళు ముందే చెబితే ఆటోలో వేయిస్తాను. పేర్లు ఈ రోజు టిఫిన్లయ్యేలోపు కార్యదర్శిగారి దగ్గర రాయించండి. పక్క కాలమ్‌లో పిల్లల పేరు, వయసు కూడా రాయించండి, లెక్క పుస్తకాలు వాళ్ళ చేతికే ఇవ్వాలనుకుంటున్నాము.